ఎనభై తొమ్మిది గింజల హాజరు

గంధం పాండురంగం మాస్టారికి జీవితంలో రెండే గర్వాలు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోకపోవడం ఒకటి. పదో తరగతికి ప్రకృతి వరణం పాఠం చెప్పడం రెండోది. మొదటిదాని గురించి ఆయన ఎవరితోనూ అనేవారు కాదు, దిష్టి తగులుతుందని భయం. రెండోదాని గురించి మాత్రం అడిగినా అడక్కపోయినా బస్సులో పక్క సీటువాళ్లకి కూడా చెప్పేవారు.

మెమో రాకపోవడానికి ఆయన పడ్డ కష్టమేమీ లేదు. కనిపించకుండా ఉండడమే. మొగలితిప్ప ఉన్నత పాఠశాల గోడలకి ఏ రంగు వేస్తే ఇంచుమించు ఆ రంగు చొక్కాయే ఆయన ఒంటిమీద ఉండేది. మీటింగుల్లో మూడో వరస చివరి కుర్చీ ఆయనది. చేతులెత్తమంటే ఎత్తేవారు, దించమంటే దించేవారు, దేనికోసం ఎత్తారో పక్కవాణ్ణి కూడా అడిగేవారు కాదు. జీవశాస్త్రం చదువుకున్న మనిషి గనక దీన్ని పిరికితనం అనకుండా అనుకూలనం అని పిలుచుకుని, రాత్రిళ్లు హాయిగా నిద్రపోయేవారు.

పాఠం సంగతికొస్తే, అందులో మాత్రం ఆయన వేరే మనిషి. వానలు వెలిశాక బడి వెనక గడ్డి పచ్చగా ఎదిగినప్పుడు, ఇంట్లో డబ్బాల్లోంచి భార్యకి చెప్పకుండా తెచ్చిన గింజలు చల్లేవారు. నలభై పెసలు, నలభై మినుములు, నలభై బియ్యపు గింజలు. పిల్లలంతా పిట్టలు. ఈల వేసేదాకా కంటికి ఏది ముందు కనిపిస్తే అది ఏరి స్టీలు గ్లాసులో వెయ్యాలి.

ఆ ఏడు కూడా అలాగే చేశారు. ఆట మధ్యలో నిజం గోరింక ఒకటి వాలి, అందరూ చూస్తుండగా ఒక బియ్యపు గింజని ముక్కున కరుచుకుని పోయింది. పిల్లలు గోల పెట్టారు.

"దాన్నీ లెక్కలో వెయ్యండిరా. అది కూడా పిట్టే కదా, మనకంటే సీనియరు," అన్నారు మాస్టారు.

పిల్లలు ఏరినవి ఎనభై ఎనిమిది, గోరింక తిన్నది ఒకటి. గడ్డిలో మిగిలినవి ముప్పై ఒకటి, అందులో ఇరవై నాలుగు పెసలే.

"చూశారా! పెసరగింజ తెలివైందా? కాదు. కష్టపడిందా? అదీ కాదు. పుట్టడమే ఆ రంగుతో పుట్టింది, కింద గడ్డీ అదే రంగయింది, అంతే. ఇవే గింజల్ని సున్నం కొట్టిన గచ్చు మీద చల్లితే బియ్యం బతికిపోయేది. మిగిలినవి పిల్లల్ని కంటాయి, ఆ పిల్లలూ అదే రంగులో పుడతాయి. ఇలా కొన్ని వేల తరాలు జరిగితే ఏమవుతుందో చెప్పండి?"

పిల్లలు చెప్పారు. చక్కగా చెప్పారు. మాస్టారికి కడుపు నిండిపోయింది. అక్కడితో ఆపి ఇంటికి పోయి ఉంటే ఈ కథ లేదు.

కానీ ఆ ఏడే 'జ్ఞానతోరణం' అనే యాప్ వచ్చింది. బడిలో ఏ కృత్యం జరిగినా ఆ సాయంత్రం ఐదు లోపల అందులో నమోదు చెయ్యాలి. పాటలపోటీ అయినా, పళ్ల డాక్టరు వచ్చినా యాప్‌లో ఉన్నవి నాలుగే గళ్లు: పాల్గొన్నవారు, మిగిలినవారు, వెళ్లిపోయినవారు, కారణం. మాస్టారు బల్ల మీద ఫోను పెట్టుకుని, నిజాయితీగా, ఒక్కొక్క అంకే నొక్కారు. నూట ఇరవై. ముప్పై ఒకటి. ఎనభై తొమ్మిది. కారణం దగ్గర కాసేపు ఆలోచించి, పాఠం మీద ప్రేమ కొద్దీ, 'పిట్టలు తినేశాయి' అని రాశారు. లెక్కలు వేసిన నల్లబల్ల ఫొటో కూడా జతచేశారు.

తెల్లారేసరికి మొగలితిప్ప బడి పేరు జిల్లా జాబితాలో ఎర్రగా వెలిగిపోతోంది. ఒకే రోజు ఎనభై తొమ్మిది మంది బడి మానేసిన పాఠశాల.

మర్నాడు జిల్లా కార్యాలయంలో అనుశీలన అధికారి ఉపేంద్రనాథ్ గారి ముందు మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఉపేంద్రనాథ్ గారు మాట్లాడినా సర్క్యులరు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో కాఫీ కూడా 'ఇందుమూలముగా' అనే అడుగుతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"సదరు ఎనభై తొమ్మిది మంది బడి మానివేయుటకు కారణం పిట్టలు తినివేయుట అని నమోదు చేసియున్నారు. ఇది మిక్కిలి బాధ్యతారహితమైన కారణం."

"అవి గింజలండీ."

"ఎవరి గింజలు?"

"మా ఇంట్లోవేనండి. పెసలు, మినుములు, బియ్యం. పాఠం కోసమని..."

"మీరు కుటుంబ విషయములలోకి వెళ్తున్నారు. అంకెల గురించి మాట్లాడండి."

"అయ్యా, మా బడిలో మొత్తం పిల్లలే అరవై నలుగురండి. ఎనభై తొమ్మిది మంది ఎలా మానేస్తారండి?"

ఉపేంద్రనాథ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "అదే ఆందోళన కలిగించు అంశము. ఉన్నవారి కంటే మానినవారు ఎక్కువగా గల పాఠశాల జిల్లాలో మీది ఒక్కటే."

"తప్పు పడిందండీ. దయచేసి తీసేయించండి."

"తొలగించు సౌలభ్యం యాప్‌లో లేదు. చేర్చు సౌలభ్యం మాత్రమే కలదు. కావున చేర్చుడు. పదిహేను రోజులు గడువు. ఎనభై తొమ్మిది మందిని తిరిగి బడిలో చేర్చినచో సరి. లేనిచో..." అంటూ బల్ల మీది కాగితాన్ని ఒక వేలితో ఇటు తిప్పారు. గంధం పాండురంగం గారికి మెమో. టైపయిపోయింది, సంతకమే తరువాయి.

మాస్టారు సంతకం చోటున ఉన్న ఖాళీని చూశారు.

"ఇంకొక విషయము. ఫొటోలో మీ నల్లబల్ల చూచితిని. 'అనుకూలమైనవే మిగులుతాయి' అని వ్రాసినారు. ఏ ఒక్కరూ వెనుకబడరాదన్నది మన విధానము. బియ్యమునకు ఏడున్నర శాతము, పెసలకు అరవై శాతము ఫలితము వచ్చునట్లు బోధించుట వివక్ష. బియ్యము ఎందుకు వెనుకబడెనో విచారించినారా?"

"అది తెల్లగా ఉంటుందండి."

"కష్టపడినచో రంగు మారదా? సవరణాత్మక బోధన ఎన్ని పీరియడ్లు తీసుకున్నారు?"

ఇప్పుడు ఎదురు చెప్పాల్సింది. ప్రకృతి వరణం గురించి ఇరవై రెండేళ్లుగా చెబుతున్న మనిషి ఒక్క ముక్క చెప్పాల్సింది. మాస్టారు ఆ ఆఫీసు గోడ వైపు చూశారు. లేత పసుపు. తన చొక్కా కూడా లేత పసుపే. "రేపటి నుంచి తీసుకుంటానండి," అన్నారు.

హెడ్మిస్ట్రెస్ సుగుణకుమారి గారు వ్యవహారం తెలిసిన మనిషి. సంగతంతా విని, "గింజలు ఉన్నాయా మాస్టారూ, పారేశారా?" అని అడిగారు.

"గ్లాసులోనే ఉన్నాయండి. ఎనభై ఎనిమిది. ఒకటి గోరింక తినేసింది."

"ఉన్నవాటిని చేర్చేద్దాం పదండి. ఇంతకంటే వింతవి చేర్చాం ఈ చేతుల్తో."

ఆ మధ్యాహ్నం స్టాఫు రూములో అడ్మిషన్లు జరిగాయి. మినుములకి సుగుణకుమారి గారు సండేస్కూలు పిల్లల పేర్లు పెట్టారు. పెసలకి డ్రాయింగు మాస్టారు తన బావమరుదుల పేర్లు పెట్టి పాత కక్ష తీర్చుకున్నారు. తండ్రి పేరు దగ్గర, తెచ్చింది ఆయనే గనక, అన్నిటికీ పాండురంగం అని పడింది. ఒక్క కూతురున్న ఆయనకి భోజనాల గంట నుంచి ఇంటి గంట లోపల ఎనభై ఎనిమిది మంది పుట్టారు. పుట్టుమచ్చలు అడిగిన చోట మాత్రం అందరూ తల గోక్కున్నారు. పెసరగింజకి పక్కన తెల్ల మచ్చ ఉంటుందని డ్రాయింగు మాస్టారే కనిపెట్టారు.

తర్వాత ఫొటోలు. 'ముఖం కనబడుట లేదు' అని యాప్ ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. డ్రాయింగు మాస్టారు చొక్కా చేతులు మడిచి, సన్న పెన్నుతో బియ్యపు గింజలకీ పెసలకీ కళ్లూ నోరూ పెట్టారు. మినుములకి తెల్ల ఇంకుతో పెట్టారు. యాప్ సంతోషంగా ఒప్పుకుంది. ఒక మినపగింజని మాత్రం కాసేపు సుగుణకుమారి గారనుకుంది. ఆ రోజు ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు.

చేరినవాళ్లకి మధ్యాహ్న భోజనం వచ్చింది. అరవై నలుగురు పిల్లలకి నూట యాభై రెండు గుడ్లు దిగాయి. పిల్లలు తలో రెండు తిని, ఇంకో వంద మంది మానేస్తే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

ఇక సవరణాత్మక బోధన. ముందు బెంచీ మీద తడిగుడ్డ పరిచి గింజల్ని వరసగా కూర్చోబెట్టారు, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా. గోడ మీద 'పట్టుదలతో పచ్చదనం' అని చార్టు కట్టారు. రోజూ ఆఖరి పీరియడు పాండురంగం మాస్టారు చాక్‌పీసు పట్టుకుని, ముప్పై ఆరు బియ్యపు గింజల ముందు నిలబడి, ఆకుపచ్చగా మారడం ఎలాగో బోధించారు. మొదటిరోజు సిగ్గేసింది. మూడోరోజుకి అలవాటైపోయింది. నాలుగోరోజు, "అర్థమైందా?" అని అడిగి, ఎవరూ పలక్కపోతే నిజంగానే కోపం తెచ్చుకున్నారు. వెనక్కి తిరిగి బోర్డు మీద బొమ్మ కూడా వేశారు. ఇంటికెళ్లి ఈ సంగతి భార్యకి చెప్పలేదు.

ఆరోరోజుకి తడిగుడ్డ మీద పెసలు మొలకెత్తాయి. ఫొటో చూసిన ఉపేంద్రనాథ్ గారి నుంచి వెంటనే సందేశం వచ్చింది: 'అభ్యసన ఎదుగుదల స్పష్టముగా కనబడుచున్నది. మినుములు, బియ్యము వీరిని ఆదర్శముగా తీసుకొనవలెను.'

దాని వెనకే ఇంకో సందేశం. 'ఎనభై ఎనిమిది మంది చేరిక పూర్తి. ఒక్కరు పెండింగు. సదరు ఒక్కరిని గురువారం నాడు స్వయముగా, పూలదండతోను, పత్రికలవారితోను వాహనములో వచ్చి బడికి తోడ్కొని రాగలము. పేరు, చిరునామా పంపుడు.'

"దీనికింత ఆలోచనేంటండీ మాస్టారూ," అన్నారు సుగుణకుమారి గారు. "వంటగదిలో బియ్యం లేవా? ఒక గింజ తెచ్చి కళ్లు పెట్టించండి. మీ ఇంటి చిరునామా ఇద్దాం, జీపు మీ గుమ్మం ముందే ఆగుద్ది. దండ ఎలా వేస్తారో వాళ్లే చూసుకుంటారు."

మాస్టారు గింజ తెచ్చారు. డ్రాయింగు మాస్టారు కళ్లు పెట్టారు, ఈసారి ముచ్చటపడి కనుబొమలు కూడా. ఫారం ముందుంది. విద్యార్థి పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది. ఊళ్లో ఉన్న పేర్లన్నీ అయిపోయాయి. పేర్ల కోసం పదో తరగతి హాజరు పట్టీ తెరిచారు.

పదిహేడో పేరు మడికి హేమదుర్గ.

హేమదుర్గ దసరా సెలవుల తర్వాత బడికి రాలేదు. తండ్రికి ఒంట్లో బాగోక, తల్లితోపాటు రొయ్యల షెడ్డులో తలకాయలు వలవడానికి పోతోందని పిల్లలు చెప్పారు. మొదటి వారం మాస్టారు వెళ్లి అడుగుదామనుకున్నారు. ఈలోగా హాజరు తొంభై అయిదు శాతం కంటే తగ్గితే క్లాసు టీచరుకి, అంటే తనకే, మెమో అని యాప్‌లో వచ్చింది. రేపో ఎల్లుండో వచ్చేస్తుందిలే అని ఆ పూటకి ఒక 'పి' పెట్టారు. మర్నాడు ఇంకోటి. ఇప్పుడు ఆ పేరు పక్కన ముప్పై ఎనిమిది 'పి'లు ఉన్నాయి. పైన వరసలోనూ, కింద వరసలోనూ 'పి'లే. పచ్చగడ్డిలో పెసరగింజలాగా ఆ పిల్ల ఎక్కడా కనిపించడం లేదు.

నిరుడు తొమ్మిదిలో, కప్ప గుడ్ల పాఠంలో, అన్ని గుడ్లు పెడితే మిగతావన్నీ ఏమైపోతాయండీ అని అడిగిన పిల్ల అది. క్లాసంతా నవ్వితే, "పై ఏడు చెబుతానమ్మా," అని మాటిచ్చారు. పై ఏడు వచ్చింది. చెవులు లేని గింజలకి వారం రోజులు పాఠం చెప్పారు. చెప్పాల్సిన పిల్ల లేదు.

మాస్టారికి ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. కళ్లూ కనుబొమలూ ఉన్న గింజని తీసి జేబులో వేసుకుని, ఫారంలో పేరు రాసేశారు. మడికి హేమదుర్గ.

యాప్ ఒప్పుకోలేదు. 'ఈ విద్యార్థిని హాజరు నూరు శాతం. బడి మానినట్లు నమోదు కుదరదు. హాజరు తప్పు అయినచో, తప్పు నమోదు చేసినవారి పేరు వ్రాయుడు.'

సుగుణకుమారి గారు ఫోనులోకి తొంగి చూసి గతుక్కుమన్నారు. "మాస్టారూ! గింజతో పోయేదానికి మెడ పెడతారేంటండీ? ఇరవై రెండేళ్ల సర్వీసు! తర్వాత మెల్లిగా మనమే పోయి తీసుకొద్దాం ఆ పిల్లని."

"ఆ మెల్లిగా అనేదే నలభై రోజులైందండి," అన్నారు మాస్టారు. గళ్లో తన పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరమే నొక్కారు. వీరుడిలా ఉండాల్సిన సమయంలో ఆయనకి బాత్రూముకి వెళ్లాలనిపించింది.

గురువారం జీపు వచ్చింది. దండ, ఇద్దరు పత్రికలవాళ్లు, ఉపేంద్రనాథ్ గారు, వెనక సీట్లో మాస్టారు. రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ల మధ్య వరసగా కూర్చున్న ఆడవాళ్లలోంచి హేమదుర్గ లేచి నిలబడింది. వేళ్లు నానిపోయి తెల్లగా ఉన్నాయి. ఉపేంద్రనాథ్ గారు ఫోను ఎదురుగా పెట్టగానే యాప్ మొదటిసారికే ముఖాన్ని గుర్తుపట్టింది.

"ఈమె నిజముగా ఉన్నదే!" అన్నారాయన. అలాంటిది ఆయనకి ఆ వారంలో ఇదే మొదలు.

తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మాస్టారిని చూసి, "ఏవండీ మేస్టారండీ, దసరా ఎల్లినకాణ్ణించి పిల్ల రాకపోతే ఒక్కరైనా గుమ్మం తొక్కలేదు గదండీ. ఏవైందని అడిగినోళ్లే లేరు. మానేసినా ఏం పర్లేదేమో అనుకున్నావండి," అంది.

పత్రికవాళ్లు కెమెరాలు ఎత్తారు. కెమెరాల ముందు షెడ్డు యజమాని అడ్డం చెప్పలేకపోయాడు, దండ పట్టుకొచ్చిన అధికారి ఉత్త చేతులతో పోలేకపోయారు. తండ్రిని ఆసుపత్రిలో చూపించే ఏర్పాటు చేయిస్తామని ఉపేంద్రనాథ్ గారి చేత పత్రికల ఎదుట అనిపించిన తర్వాతే తల్లి పిల్లని జీపెక్కించింది. మొత్తానికి ఆ జీపు ఎందుకు బయల్దేరిందో దానికే తెలియకపోయినా, చేరాల్సిన చోటికి చేరింది.

మర్నాడు ఎనభై తొమ్మిది మందినీ తిరిగి చేర్చినందుకు మొగలితిప్ప బడికి ప్రశంసాపత్రం వచ్చింది. అదే కవరులో పాండురంగం మాస్టారికి మెమో. ఎనభై ఎనిమిది గింజల గురించి అందులో ఒక్క ముక్క లేదు. వాటి పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి. బడికి రాని ఒక విద్యార్థినిని ముప్పై ఎనిమిది రోజులు వచ్చినట్లు చూపినందుకు సంజాయిషీ అడిగారు. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. మొత్తం వ్యవహారంలో నిజం ఉన్న కాగితం ఇదొక్కటే అనిపించి మడత పెట్టి, గింజ ఉన్న జేబులోనే పెట్టుకున్నారు.

సోమవారం మళ్లీ గడ్డిలో గింజలు చల్లారు. హేమదుర్గ కోసమే. నీళ్లలో నాని గరుకెక్కిన వేళ్లతో నెమ్మదిగా ఏరింది. ఈల వేశాక గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడింది.

"మేస్టారండీ, పెసరగింజలు ఎందుకు మిగిలాయండీ?"

"గడ్డిలో కలిసిపోయాయి. పిట్టకి కనపళ్లేదమ్మా."

"మరి నేనూ పట్టీలో ఎవరికీ కనపళ్లేదు గదండీ. నేనెందుకు మిగల్లేదండీ?"

మాస్టారు చాక్‌పీసు పక్కన పెట్టారు. ఇరవై రెండేళ్లలో ఆయనని ఎవరూ అడగని ప్రశ్న అది, అడిగి ఉంటే బాగుండేది.

"గడ్డిలో దాక్కున్నది నువ్వు కాదమ్మా. నేను," అన్నారు.

హేమదుర్గ ఆయన జేబులోంచి సగం బయటికొచ్చిన మెమో వైపు చూసింది.

"అయితే ఇప్పుడు పిట్ట మిమ్మల్ని చూసేసిందాండీ?"

"చూసేసింది."

"తినేస్తదాండీ?"

"సంజాయిషీ అడిగింది. రాసిచ్చాక చూడాలి," అని మాస్టారు గ్లాసు బల్ల మీద బోర్లించారు. "నువ్వు ముందు కూర్చుని ఇవి రంగులవారీ లెక్కపెట్టు. తర్వాత కప్ప గుడ్ల సంగతి చెబుతాను, నిరుడు అడిగావు కదా."